కత్తి పెడితే క్యాన్సర్ పాకుతుందా?

"దాన్ని కదపకండి, కత్తి తగిలిందంటే ఒళ్లంతా పాకేస్తుంది." క్యాన్సర్ అని తేలిన ఇంట్లో ఎవరో ఒకరి నోట ఈ మాట వస్తుంది. చదువు లేనివాళ్ల భయమని కొట్టిపారేయడం సులువే. కానీ అమెరికాలో ఊపిరితిత్తుల క్లినిక్‌లకు వచ్చిన 626 మందిని అడిగి, 2003లో ప్రచురించిన సర్వేలో 38 శాతం మంది ఇదే నమ్ముతున్నామని చెప్పారు. ఆపరేషన్‌లో గాలి తగిలితే గడ్డ పాకుతుందన్నది వాళ్ల భయం. కొందరైతే ఆ ఒక్క కారణంతోనే ఆపరేషన్ వద్దంటామన్నారు.

గాలి తగలడం వల్ల క్యాన్సర్ పాకదు. ముందు ఆ మాట తేల్చేద్దాం. ఈ నమ్మకం ఎలా పుట్టి ఉంటుందో ఊహించడం కష్టమేమీ కాదు. స్కానింగులు లేని రోజుల్లో పొట్ట తెరిచాకే లోపల ఎంతమేర వ్యాపించిందో డాక్టర్లకు తెలిసేది. అప్పటికే చెయ్యి దాటిపోయి ఉంటే మళ్లీ కుట్లేసి పంపేసేవారు. కొన్ని వారాలకో నెలలకో మనిషి పోయేవాడు. ఇంట్లోవాళ్లకు కనబడింది ఒక్కటే: ఆస్పత్రికి తన కాళ్లతో నడిచి వెళ్లినవాడు కత్తి పెట్టాక కోలుకోలేదు.

అయితే ఈ భయానికి ఆనుకునే, నిజంగా శాస్త్రీయమైన ప్రశ్న ఒకటి ఉంది. ఆపరేషన్ చేసే తీరు, అప్పుడు ఇచ్చే మత్తు, ఆ తర్వాతి కొద్ది రోజుల్లో ఒంట్లో జరిగే మార్పులు... వీటివల్ల క్యాన్సర్ తిరగబెట్టే అవకాశం పెరగడమో తగ్గడమో జరుగుతుందా? పరిశోధకులు దశాబ్దాలుగా ఈ ప్రశ్న వెంట పడ్డారు. వాళ్లు కనిపెట్టినవాటిలో సగం సగం ముక్కలు వార్తలై మన ఫోన్లలోకి వచ్చి, పాత భయానికి కొత్త బలమిస్తున్నాయి. "మత్తుమందుతో క్యాన్సర్ పాకుతుందట" అన్న శీర్షిక చూసి ఆపరేషన్ వాయిదా వేసుకునేవాళ్లకు జరిగే నష్టం మాత్రం ఊహాజనితం కాదు. అందుకే ఈ చిక్కుముడిని ఒక్కో పోగుగా విప్పి చూడాలి.

మొదట అసలు లెక్క. 2015లో లాన్సెట్ ఆంకాలజీ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ చెప్పిన ప్రకారం ఆ ఏడాది ప్రపంచంలో కొత్తగా వచ్చిన క్యాన్సర్ కేసులు 1.52 కోట్లు. వాటిలో 80 శాతానికి పైగా కేసులకు ఏదో ఒక దశలో ఆపరేషన్ కావాలి. గడ్డలుగా వచ్చే క్యాన్సర్లలో పూర్తిగా నయమైనవాళ్లను చూస్తే, ఎక్కువమంది వెనుక ఒక సర్జన్ చెయ్యి ఉంటుంది. గడ్డను ముట్టుకోకుండా వదిలేస్తే అదేమీ బుద్ధిగా కూర్చోదు, తన కణాలను రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. కాబట్టి కొయ్యాలా వద్దా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. కోసే ఆ కొద్ది రోజులను వీలైనంత సురక్షితంగా ఎలా దాటించాలన్నదే ప్రశ్న.

విత్తనమూ నేలా

రక్తంలో క్యాన్సర్ కణాలు తిరుగుతాయన్న సంగతి కొత్తదేం కాదు. 1869లోనే ఆస్ట్రేలియాలో థామస్ యాష్‌వర్త్ అనే డాక్టర్, క్యాన్సర్‌తో చనిపోయిన వ్యక్తి రక్తాన్ని మైక్రోస్కోప్ కింద చూసి, గడ్డల్లో ఉన్నలాంటి కణాలే అందులోనూ ఉన్నాయని రాశాడు. 20 ఏళ్ల తర్వాత, 1889లో స్టీఫెన్ పేజెట్ అనే ఇంగ్లిష్ సర్జన్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది వివరాలు ముందేసుకుని కూర్చున్నాడు. రక్తం ఒళ్లంతా తిరుగుతుంది కదా, మరి క్యాన్సర్ కాలేయంలో అంత తరచుగానూ ప్లీహంలో అంత అరుదుగానూ ఎందుకు మొలుస్తోందన్నది అతని సందేహం. విత్తనాలు అన్ని దిక్కులకూ పోతాయి, అనువైన నేల దొరికిన చోటే మొలుస్తాయి అని జవాబు చెప్పాడు. 130 ఏళ్లు దాటినా ఆ పోలిక ఇంకా చెల్లుతూనే ఉంది.

అందులోని ఊరటను మనం సాధారణంగా గమనించం. రక్తంలోకి వెళ్లిన కణాల్లో దాదాపు అన్నీ చస్తాయి. రక్తప్రవాహపు ఒత్తిడికి కొన్ని చితికిపోతాయి, మిగతావాటిని రోగనిరోధక కణాలు వేటాడతాయి. ఎలుకల రక్తనాళాల్లోకి క్యాన్సర్ కణాలు ఎక్కించి లెక్కపెట్టిన ప్రయోగాల్లో, ఒక్క రోజు గడిచేసరికి నూటికి ఒకటి కూడా బతికి లేదు. కాబట్టి ఆపరేషన్‌లో కొన్ని కణాలు రక్తంలోకి జారినంత మాత్రాన కొంప మునిగినట్టు కాదు. అవి నిలదొక్కుకోవడానికి ఒళ్లు ఎంత అనువుగా ఉందన్నదే తేల్చేది.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆపరేషన్ విత్తనాన్నీ కదుపుతుంది, నేలనూ దున్నుతుంది.

గడ్డను పట్టుకుని, నొక్కి, పక్కకు జరిపేటప్పుడు రక్తంలో క్యాన్సర్ కణాలు పెరుగుతాయని ఊపిరితిత్తులు, పెద్దపేగు ఆపరేషన్లలో కొలిచి చూశారు. అదే సమయంలో శరీరం గాయాన్ని పూడ్చుకునే పనిలో పడుతుంది. అడ్రినలిన్, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్లు ఒక్కసారిగా ఎగబాకుతాయి. గాయం చుట్టూ వాపును రేపే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు ఊరతాయి. కొత్త రక్తనాళాలు మొలవడానికి, కణాలు విభజన చెందడానికి సంకేతాలు వెళతాయి. కోసిన చోటు అతుక్కోవాలంటే ఇవన్నీ ఉండాల్సిందే. కానీ ఒక మూలన దాక్కున్న క్యాన్సర్ కణానికి కూడా కావలసినవి ఇవే. పైగా ఎన్‌కే కణాలని పిలిచే తెల్లరక్తకణాలు ఈ రోజుల్లో మందగిస్తాయి. ముందస్తు పరిచయం లేకుండానే క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టి చంపగలిగే కాపలాదారులు అవి. పెద్ద ఆపరేషన్ తర్వాత వాటి చురుకు కొన్ని రోజులు, ఒక్కోసారి కొన్ని వారాల దాకా తగ్గే ఉంటుంది.

ఇంకో విచిత్రం కూడా ఉంది. 1994లో హార్వర్డ్‌లో జుడా ఫోక్‌మన్ బృందం ఎలుకల్లో ఒక రకం ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను పరిశీలిస్తుంటే, అసలు గడ్డను తీసేసిన తర్వాత దూరంగా ఉన్న చిన్న గడ్డలు హఠాత్తుగా పెరగడం కనిపించింది. అసలు గడ్డ యాంజియోస్టాటిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతూ, దూరంగా ఉన్న పిల్లగడ్డలకు కొత్త రక్తనాళాలు రాకుండా అడ్డుకుంటోందని తేలింది. పెద్దది పోయేసరికి ఆ అడ్డు తొలగింది. ఇది ఒక రకం ఎలుక గడ్డలో కనిపించిన సంగతి. మనుషుల క్యాన్సర్లన్నీ ఇలాగే నడుచుకుంటాయనుకోకూడదు. అయినా మిలాన్‌లోని క్యాన్సర్ పరిశోధకులు రొమ్ము క్యాన్సర్ రోగుల రికార్డులు తిరగేసినప్పుడు, వ్యాధి తిరగబెట్టడం ఏళ్లపాటు ఒకే తీరులో జరగలేదు. ఆపరేషన్ అయిన రెండో ఏడాది చుట్టూ ఒక ఉరవడి, ఐదారేళ్ల దగ్గర ఇంకోటి కనిపించాయి. మొదటి ఉరవడికి ఆపరేషనే నిద్రలేపిన కణాలు కారణమా అన్న అనుమానం అలా మొదలైంది.

ఆ అనుమానానికి సూటిగా పెట్టిన పరీక్ష 2018లో అమెరికాలో రాబర్ట్ వైన్‌బర్గ్ ల్యాబ్ నుంచి వచ్చింది. రోగనిరోధక శక్తి అదుపులో ఉంచుతున్న చిన్న గడ్డలున్న ఎలుకలను తీసుకున్నారు. ఆ గడ్డల జోలికి పోకుండా, వేరేచోట చర్మం మీద గాయం చేశారు. దూరంగా ఉన్న గడ్డలు పెరగడం మొదలెట్టాయి. గడ్డను ముట్టుకోలేదు, మత్తుమందుల్లో తేడా లేదు. గాయం మానడానికి శరీరం రేపుకున్న వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్ ఒక్కటే కాపలాను సడలించింది. అదే సమయంలో మెలాక్సికామ్ అనే మామూలు నొప్పి మందు ఇస్తే ఆ పెరుగుదల తగ్గింది. ఈ రంగంలో నాకు అన్నిటికంటే బలంగా అనిపించే ప్రయోగం ఇదే. చూపు కత్తి మీది నుంచి గాయం మీదికి మళ్లింది దీనివల్లనే.

మత్తుమందు మీద పడ్డ అభాండం

ఇప్పుడు మత్తు సంగతి. ఆపరేషన్‌లో నిద్రపుచ్చడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి సెవోఫ్లూరేన్ లాంటి వాయువును పీల్పించడం. రెండోది ప్రొపోఫాల్ అనే తెల్లటి మందును రక్తనాళంలోకి ఎక్కిస్తూ ఉండటం. వీటికి తోడు నొప్పికి మార్ఫిన్ జాతి మందులు ఇస్తారు. లేదా వెన్నుపూస పక్కన నరాలకు మొద్దుబారే ఇంజక్షన్ ఇస్తారు.

ల్యాబ్ గిన్నెల్లో పెంచిన కణాల మీద ఈ మందులు పోసి చూస్తే తేడాలు కనిపించాయి. వాయువులు కొన్ని రకాల క్యాన్సర్ కణాలను ఉసిగొల్పినట్టు, ప్రొపోఫాల్ నెమ్మదింపజేసినట్టు తేలింది. మార్ఫిన్ ఎన్‌కే కణాలను మందగింపజేస్తుందన్నారు. వీటన్నిటినీ కలిపి కుడితే చక్కటి కథ తయారైంది: నరాలకు మొద్దు ఇంజక్షన్ ఇస్తే ఒత్తిడి హార్మోన్లు తగ్గుతాయి, మార్ఫిన్ అవసరం తగ్గుతుంది, వాయువు తక్కువ చాలుతుంది, కాబట్టి క్యాన్సర్ తిరగబెట్టడమూ తగ్గాలి.

2006లో ఈ కథకు ఊపిరి పోసే అధ్యయనం ఒకటి వచ్చింది. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ చేయించుకున్న 129 మంది పాత రికార్డులు చూస్తే, వెన్ను పక్కన మొద్దు ఇంజక్షన్ తీసుకున్నవాళ్లలో మూడేళ్ల తర్వాత 94 శాతం మందిలో వ్యాధి తిరగబెట్టలేదు. మామూలు మత్తు, మార్ఫిన్ తీసుకున్నవాళ్లలో అది 77 శాతమే. ఒక్క ఇంజక్షన్‌తో ఇంత తేడానా అని ప్రపంచమంతా ఉలిక్కిపడింది. 2016లో లండన్‌లోని రాయల్ మార్స్‌డెన్ ఆస్పత్రి 7 వేల మందికి పైగా రోగుల రికార్డులు విశ్లేషించి, వాయువుతో మత్తు తీసుకున్నవాళ్లలో మరణాల ముప్పు రక్తనాళం ద్వారా తీసుకున్నవాళ్లకంటే 46 శాతం ఎక్కువని చెప్పింది.

ఆ అంకెలు చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. కానీ ఇవన్నీ గతంలోకి తొంగిచూసిన లెక్కలు. ఎవరికి ఏ మత్తు ఇవ్వాలో అప్పటి డాక్టర్ నిర్ణయించాడు. ఆ నిర్ణయం వెనుక రోగి వయసు, గుండె పరిస్థితి, గడ్డ పెద్దదా చిన్నదా, సర్జన్ ఎవరు, ఏ ఏడాది చేశారు అనే సవాలక్ష సంగతులుంటాయి. అవి రికార్డుల్లో సగమే కనిపిస్తాయి. ఫలితంలో తేడా మత్తుమందుదా, ఆ కనిపించని సంగతులదా అని విడదీయడం ఎంత పెద్ద గణితజ్ఞుడికైనా పూర్తిగా సాధ్యం కాదు. దీనికి ఒక్కటే మందు: ఎవరికి ఏది ఇవ్వాలన్నది లాటరీ వేసి తేల్చడం.

2006 అధ్యయనంలో పాలుపంచుకున్న డేనియల్ సెస్లర్, డొనాల్ బగ్గీ ఆ పనికే పూనుకున్నారు. తమ ఆశ పుట్టించిన సిద్ధాంతాన్ని తామే అత్యంత కఠినమైన పరీక్షకు పెట్టారు. సైన్స్‌లో గౌరవించవలసిన గుణం ఏదైనా ఉందంటే నా దృష్టిలో ఇదే. 2007లో మొదలై, అర్జెంటీనా నుంచి న్యూజిలాండ్ దాకా 13 ఆస్పత్రుల్లో, 2,100 మందికి పైగా మహిళలతో ఆ పరీక్ష నడిచింది. ఒక వర్గానికి వెన్ను పక్కన మొద్దు ఇంజక్షన్, ప్రొపోఫాల్. రెండో వర్గానికి సెవోఫ్లూరేన్, మార్ఫిన్ జాతి మందులు. 2019లో లాన్సెట్‌లో ఫలితం వచ్చింది. మొదటి వర్గంలో 1,043 మందిలో 102 మందికి క్యాన్సర్ తిరగబెట్టింది, రెండో వర్గంలో 1,065 మందిలో 111 మందికి. రెండు వైపులా 10 శాతమే. 2006లో కనబడిన అంత పెద్ద తేడా ఆవిరైపోయింది.

రొమ్ము ఆపరేషన్ ఒంటికి మరీ పెద్ద దెబ్బ కాదు, పొట్టా ఛాతీ తెరిచే ఆపరేషన్లలో తేడా తెలియొచ్చు అని కొందరు వాదించారు. వాదనలో పస లేకపోలేదు. అదీ చూశారు. చైనాలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆపరేషన్ చేయించుకున్న 400 మందిలో, పెద్ద ఆపరేషన్లు చేయించుకున్న 1,700 మందికి పైగా వృద్ధుల్లో మామూలు మత్తుకు వెన్నులోకి ఇచ్చే ఎపిడ్యూరల్ అనే మొద్దు ఇంజక్షన్ జోడించి, జోడించకుండా పోల్చారు. దీర్ఘకాలపు ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ప్రొపోఫాల్, సెవోఫ్లూరేన్‌లను ముఖాముఖి పోల్చిన స్వీడన్ పరిశోధకుల ట్రయల్ కూడా 2023లో రొమ్ము క్యాన్సర్ రోగుల ఐదేళ్ల బతుకులో తేడా లేదనే చెప్పింది.

మార్ఫిన్ విషయం ఇంకా ఆసక్తికరం. అది రోగనిరోధక కణాలను మందగింపజేస్తుందన్న మాట విని, ఆపరేషన్ తర్వాత నొప్పిని పంటి బిగువున భరించేవాళ్లున్నారు. గేల్ పేజ్ అనే పరిశోధకురాలి బృందం 1993లో ఎలుకలకు ఆపరేషన్ చేసి, కొన్నిటికి మార్ఫిన్ ఇచ్చి, కొన్నిటికి ఇవ్వకుండా చూసింది. మార్ఫిన్ అందిన ఎలుకల్లో క్యాన్సర్ వ్యాప్తి తగ్గింది. ఎందుకంటే నొప్పి తనంతట తానే ఒంటికి పెద్ద ఒత్తిడి. ఆ ఒత్తిడి చేసే హాని ముందు మందు హాని చిన్నది. మనుషుల్లో చేసిన అధ్యయనాలు ఒకదానితో ఒకటి పొసగవు. హార్మోన్ మందులు పనిచేయని ట్రిపుల్ నెగెటివ్ రకం రొమ్ము క్యాన్సర్ రోగుల మీద 2021లో వచ్చిన ఒక విశ్లేషణలోనైతే ఆపరేషన్ సమయంలో ఆ మందులు ఎక్కువ అందినవాళ్లకే వ్యాధి తక్కువగా తిరగబెట్టింది. దానికదే రుజువు కాదు గానీ, క్యాన్సర్ భయంతో నొప్పి మందు మానుకోవడానికి ఆధారం మాత్రం ఏదీ లేదు.

కాబట్టి మత్తు డాక్టర్ ఏ మందు ఎంచుకున్నారన్న దాని మీద నిద్ర పాడుచేసుకోనవసరం లేదు. ఆస్ట్రేలియా పరిశోధకుల నాయకత్వంలో పెద్దపేగు, ఊపిరితిత్తుల క్యాన్సర్ల మీద ఐదువేల మందికి పైగా రోగులతో వేపర్-సి అనే పెద్ద ట్రయల్ తలపెట్టారు. చిన్న తేడా ఏదైనా దాగి ఉంటే అలాంటివాటిలో బయటపడాలి. గుండె, ఊపిరితిత్తులు, ఎలర్జీలు, వాంతుల బాధ, ఇవి చూసి మత్తు మందు ఎంచుకోవడమే ఇవాళ్టికి సరైన పద్ధతి.

తేడా నిజంగా ఎక్కడ పడింది

మత్తు మీద అంత రభస జరిగిన కాలంలోనే, ఆపరేషన్ చేసే తీరు మీద వచ్చిన రుజువులకు అందులో పదో వంతు ప్రచారం కూడా రాలేదు. నాకు బాధ కలిగించేది అదే. ఎందుకంటే ఇక్కడ దొరికిన తేడాలు చాలా గట్టివి.

గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు, అంటే క్యాన్సర్ కాని గడ్డలు వస్తే వాటిని చిన్న రంధ్రాల గుండా తీయడానికి మార్సెలేటర్ అనే పరికరం వాడేవారు. ఒక గొట్టం, దాని అంచున గిర్రున తిరిగే పదునైన కత్తి. కడుపు లోపలే ఆ కండను పట్టి, చెక్కులు చెక్కులుగా కోస్తూ గొట్టంలోకి లాగుతుంది. పెద్ద కోత అక్కర్లేదు, రోగి త్వరగా ఇంటికి వెళ్లొచ్చు. అంతా బాగానే ఉంది, ఆ ఫైబ్రాయిడ్ నిజంగా ఫైబ్రాయిడే అయితే. అది బయటికి తెలియని సార్కోమా అనే క్యాన్సర్ అయితే, తిరిగే కత్తి దాని తునకలను కడుపంతా చల్లేస్తుంది. అమెరికాలో మందులనూ వైద్య పరికరాలనూ పర్యవేక్షించే ఎఫ్‌డీఏ 2014లో లెక్కగట్టి చూస్తే, ఫైబ్రాయిడ్లని ఆపరేషన్ చేయించుకునే 350 మందిలో ఒకరికి గర్భాశయ సార్కోమా దాగి ఉంటోందని తేలింది. ఆ పరికరం వాడకాన్ని అది నిరుత్సాహపరిచింది. ఆ తర్వాత తునకలు చెదరకుండా సంచిలో పెట్టి కోసే పద్ధతులు వచ్చాయి. కత్తి పెడితే పాకుతుందన్న సామెత లాంటి మాట అక్షరాలా నిజమైన సందర్భం ఇది. తప్పు కోయడంలో లేదు, గడ్డను లోపలే ముక్కలు చేయడంలో ఉంది.

రెండోది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. పెద్ద కోత పెట్టి చేసే పాత ఆపరేషన్ కంటే, చిన్న రంధ్రాల గుండా ల్యాపరోస్కోపీతోనో రోబోతోనో చేస్తే రోగి త్వరగా కోలుకుంటుంది, ఫలితం ఎలాగూ ఒకటే అని అందరూ అనుకున్నారు. 631 మంది మహిళలను లాటరీ పద్ధతిలో రెండు వర్గాలు చేసి చూసిన ఎల్ఏసీసీ ట్రయల్ 2018లో వెలువడింది. నాలుగున్నరేళ్ల తర్వాత పెద్ద కోత వర్గంలో 96.5 శాతం మంది వ్యాధి లేకుండా ఉన్నారు, చిన్న రంధ్రాల వర్గంలో 86 శాతమే. ఆ అంకెలు చూసి ప్రపంచమంతా సర్జన్లు పద్ధతి మార్చుకున్నారు. గర్భాశయాన్ని కదపడానికి లోపలికి దూర్చే పరికరం గడ్డను నలపడం వల్ల, యోనిని తెరిచినప్పుడు గడ్డ కణాలు కడుపులోకి చేరడం వల్ల ఇలా జరిగి ఉంటుందని ఎక్కువమంది అభిప్రాయం.

అలాగని చిన్న రంధ్రాల ఆపరేషన్లన్నీ ప్రమాదమని అర్థం చేసుకోకూడదు. పెద్దపేగు క్యాన్సర్‌లోనూ, తొలిదశ గర్భాశయ లోపొర క్యాన్సర్‌లోనూ పెద్ద ట్రయల్స్ ల్యాపరోస్కోపీ సమానంగా పనిచేస్తుందని తేల్చాయి. ఏ అవయవానికి ఆ అవయవం లెక్కే వేరు.

తర్కానికి బాగున్న ప్రతిదీ పనిచేయదని కూడా ఇక్కడే తెలుస్తుంది. గడ్డను ముట్టుకోకముందే దాని రక్తనాళాలు కట్టేస్తే కణాలు జారిపోవని 1960ల్లో క్లీవ్‌లాండ్ సర్జన్ రూపర్ట్ టర్న్‌బుల్ ఒక పద్ధతి ప్రచారం చేశాడు. వినడానికి తిరుగులేనిదే. జపాన్‌లో 850 మందికి పైగా పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో లాటరీ పెట్టి చూస్తే అదనపు మేలు కనబడలేదు. అదే, పురీషనాళం క్యాన్సర్‌లో చుట్టూ ఉన్న కొవ్వు పొరను చిరగకుండా, మొత్తంగా తీయాలని 1980ల్లో బిల్ హీల్డ్ పట్టుబట్టిన పద్ధతి మాత్రం, అక్కడే తిరగబెట్టే కేసులను గణనీయంగా తగ్గించి ప్రపంచమంతటా ప్రామాణికమైంది.

గడ్డ చుట్టూ ఒక ఇంజక్షన్

ఈ అంశంలో ఇటీవల వచ్చిన ఫలితాల్లో నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసింది ముంబయిలోని టాటా మెమోరియల్ నుంచి, రాజేంద్ర బడ్వే నాయకత్వంలో వచ్చింది. పంటి డాక్టర్ దగ్గర చిగురుకు మొద్దుబారడానికి ఇచ్చే లిడోకెయిన్ మందే అది. రోగి అప్పటికే పూర్తి మత్తులో ఉంటుంది. గడ్డను కోసేముందు సర్జన్ ఆ మందును గడ్డ లోపలికి కాకుండా దాని చుట్టూ, అన్ని పక్కలా ఉన్న కణజాలంలోకి ఎక్కిస్తాడు. తర్వాత 7 నుంచి 10 నిమిషాలు ఆగుతాడు. అప్పుడు కోత మొదలుపెడతాడు. అంతే. కొత్త పరికరం లేదు, ఖరీదైన మందు లేదు.

2011 చివర్లో మొదలై, భారతదేశంలోని 11 కేంద్రాల్లో, తొలిదశ రొమ్ము క్యాన్సర్ ఉన్న 1,583 మంది మహిళల ఫలితాలు 2023లో జర్నల్ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీలో వచ్చాయి. ఐదేళ్ల తర్వాత వ్యాధి లేకుండా ఉన్నవాళ్లు ఇంజక్షన్ వర్గంలో 86.6 శాతం, ఇంజక్షన్ లేని వర్గంలో 82.6 శాతం. బతికున్నవాళ్లు 90.1 శాతం, 86.4 శాతం. క్యాన్సర్ కణాల గోడల్లో ఉండే సోడియం ద్వారాలు అవి కదలడానికి తోడ్పడతాయి. కత్తి గడ్డను కదిపే క్షణానికి లిడోకెయిన్ వల్ల ఆ ద్వారాలు మూతపడి ఉంటే కణాలు పారిపోలేవన్నది పరిశోధకుల ఊహ.

నాలుగు శాతం చిన్నదిగా కనిపించొచ్చు. ఎంతో ఖరీదైన మందులు కొన్ని ఇంతకంటే తక్కువ మేలుకే ఆమోదం పొందుతుంటాయి. అయినా ఒక్క ట్రయల్‌తో వాక్యం ముగించకూడదు. ఇందులో పోలిక కోసం ఉంచిన వర్గానికి ఉత్తుత్తి ఇంజక్షన్ ఇవ్వలేదు, కాబట్టి మేలు మందుదేనా, కోతకు ముందు చేసిన ఆ ప్రక్రియదా అన్న ప్రశ్న మిగిలింది. లిడోకెయిన్‌ను గడ్డ చుట్టూ కాకుండా రక్తనాళంలోకి ఎక్కించి చూసిన చైనా ట్రయల్‌లో, క్లోమం క్యాన్సర్ రోగుల బతుకులో తేడా రాలేదు. వేరే చోట, వేరే బృందం మళ్లీ చేసి చూపితే దీని విలువ చెప్పలేనంత. ఇలాంటి చవక మందు మీద ఏ కంపెనీకీ లాభం ఉండదు గనుక ఆ పని ప్రభుత్వాలూ ఆస్పత్రులే తలకెత్తుకోవాలి.

ఒత్తిడికి పగ్గాలు

టెల్ అవీవ్‌లో షామ్‌గర్ బెన్-ఎలియాహు అనే పరిశోధకుడు ఏళ్లుగా వేరే దారిలో తవ్వుతున్నారు. అడ్రినలిన్, ప్రోస్టాగ్లాండిన్ రెంటికీ ఒకేసారి పగ్గం వేయాలన్నది ఆయన పట్టుదల. రొమ్ము క్యాన్సర్ ఉన్న 38 మంది మహిళలకు, ఆపరేషన్‌కు ఐదు రోజుల ముందు నుంచి మొత్తం 11 రోజులపాటు, బీపీ మందు ప్రొప్రనొలాల్, నొప్పి మందు ఎటొడొలాక్ కలిపి ఇచ్చారు. తీసిన గడ్డలను పరీక్షిస్తే, పాకే స్వభావాన్ని సూచించే గుర్తులు మందు తీసుకున్నవాళ్లలో తగ్గాయి. 2017 నాటి ఈ ఫలితం ఆశ కలిగించేదే, కానీ గడ్డలో గుర్తులు తగ్గడం వేరు, మనిషి ఎక్కువ కాలం బతకడం వేరు. కీటొరొలాక్ అనే నొప్పి మందు సంగతి ఈ తేడాను బాగా చూపిస్తుంది. 2010లో 327 మంది రికార్డుల్లో అది వ్యాధి తిరగబెట్టడాన్ని తగ్గించినట్టు కనిపించింది. 2019లో 203 మందిపై లాటరీ పద్ధతిలో ఒక్క డోసు ఇచ్చి చూస్తే ఏమీ తేలలేదు. రక్తం పలుచబరిచే టిన్జాపరిన్‌ను ఆపరేషన్ ముందు నుంచీ తర్వాత వారాల తరబడీ ఇచ్చి 614 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగులను చూసిన కెనడా బృందానికీ నిరాశే ఎదురైంది.

అందుకే ఇవి ఇంట్లో ఉన్నాయి కదా అని ఆపరేషన్ ముందు ఎవరూ సొంతంగా వేసుకోకూడదు. ప్రొప్రనొలాల్ ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రాణం మీదికి తెస్తుంది. నొప్పి మందులు రక్తస్రావాన్ని పెంచుతాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

ఆపరేషన్‌కు ముందే రోగనిరోధక శక్తిని మేల్కొల్పాలన్న ఆలోచన మాత్రం ఇప్పటికే వైద్యంలోకి వచ్చేసింది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ముదిరిన 313 మందిపై చేసిన అమెరికా ట్రయల్ ఒకటి 2023లో వచ్చింది. రోగనిరోధక శక్తిని మేల్కొల్పే పెంబ్రోలిజుమాబ్ మందు డోసులన్నీ ఆపరేషన్ తర్వాతే ఇవ్వడం ఒక పద్ధతి, కొన్ని డోసులు ముందుకు జరిపి మిగతావి తర్వాత ఇవ్వడం రెండోది. మందు అదే, మొత్తం డోసులూ అన్నే. రెండేళ్ల తర్వాత ఏ ఎదురుదెబ్బా లేనివాళ్లు మొదటి పద్ధతిలో 49 శాతం, రెండోదానిలో 72 శాతం. గడ్డ ఒంట్లో ఉన్నప్పుడే దాన్ని గుర్తుపట్టడం నేర్చుకున్న కణాలు, తర్వాత మిగిలిపోయినవాటిని వెతికి చంపుతాయన్నది దీని వెనుక ఉన్న ఆలోచన.

బయాప్సీ భయం గురించి కూడా ఒక్క మాట. సూది గుచ్చితే పాకుతుందన్న అనుమానాన్ని మేయో క్లినిక్ పరిశోధకులు 2015లో క్లోమం క్యాన్సర్ రోగుల్లో పరీక్షించారు. సూది పరీక్ష చేయించుకున్నవాళ్లు మధ్యస్థంగా 22 నెలలు, చేయించుకోనివాళ్లు 15 నెలలు బతికారు. సూది ఆయుష్షు పెంచిందని దీనర్థం కాదు, హాని చేయలేదని మాత్రం తెలుస్తోంది. కాలేయ క్యాన్సర్‌లో సూది దారిలో కణాలు మొలిచే అవకాశం కొద్దిగా ఉంది, వృషణాల గడ్డకు వృషణ సంచి గుండా సూది గుచ్చకూడదు. ఈ మినహాయింపులు డాక్టర్లకు తెలిసినవే.

మరి రోగి, ఇంట్లోవాళ్లు అడగవలసింది ఏమిటి? ఈ గడ్డను ముక్కలు కాకుండా మొత్తంగా ఎలా బయటికి తీస్తారు, ఈ క్యాన్సర్‌లో చిన్న రంధ్రాల పద్ధతి సమానమని రుజువైందా, ఈ ఆపరేషన్ మీరు తరచుగా చేస్తుంటారా అని సర్జన్‌ను అడగాలి. రక్తహీనత ఉంటే ముందే సరిచేయగలరా అని కూడా. పెద్దపేగు క్యాన్సర్‌లో రక్తం ఎక్కించుకున్నవాళ్లకు వ్యాధి కాస్త ఎక్కువగా తిరగబెడుతోందని అధ్యయనాలు చెబుతున్నాయి. అది రక్తం వల్లనా, ఎక్కించాల్సి వచ్చిన పరిస్థితి వల్లనా అన్నది తేలకపోయినా, ముందు నుంచే హిమోగ్లోబిన్ పెంచుకుంటే పోయేదేమీ లేదు. పొగ మానేయడం, నడక, సరిపడా ప్రొటీన్ తినడం కూడా గాయం త్వరగా మానడానికి పనికొస్తాయి.

ఇంకొకటి చాలామంది పట్టించుకోరు: ఆపరేషన్ తర్వాత కీమో ఎప్పుడు మొదలవుతుందన్నది. పెద్దపేగు క్యాన్సర్‌లో అది ప్రతి నాలుగు వారాలు ఆలస్యమైనకొద్దీ మరణాల ముప్పు సుమారు 14 శాతం పెరుగుతోందని 2011 నాటి ఒక సమగ్ర విశ్లేషణ చూపింది. రొమ్ము క్యాన్సర్‌లో 90 రోజులు దాటితే నష్టం కనిపిస్తోంది. ఇవీ రికార్డుల నుంచి తీసిన లెక్కలే, పైన చెప్పిన జాగ్రత్త వీటికీ వర్తిస్తుంది. అయినా గాయం చీము పట్టడం, కుట్లు విడిపోవడం, నీరసించిపోవడం వల్ల ఆ తేదీ వెనక్కి జరుగుతుంది కాబట్టి, జ్వరమో గాయం దగ్గర ఎరుపో కనిపిస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అదే రోజు ఫోన్ చేయాలి. క్యాన్సర్ మందుల డాక్టర్‌ను ఎప్పుడు కలవాలో డిశ్చార్జి కాగితంలోనే రాయించుకోవాలి.